వదిన చేతిలో నా కాలు

నేను రచయితను కాను. పాతబస్తీ హుస్సేనీ ఆలంలో గాజుల టోకు దుకాణం నడుపుతున్నాను. పేరు రాజేశం. ఏడో తరగతితో బడి మానేసి దుకాణంలో కూర్చున్నాను. ఆ తర్వాత నా చదువంతా మా వీధి చివరి శాఖా గ్రంథాలయంలోనే సాగింది. మధ్యాహ్నం గిరాకీ పలచబడగానే అక్కడికి పోయేవాణ్ణి. చరిత్ర, వైద్యం, తత్త్వం, నక్షత్రాలు, ఏ అల్మారా తెరిచి ఉంటే ఆ అల్మారా చదివాను. డిగ్రీలు చదివినవాళ్ళు కూడా అడిగితే ఓ మాట చెప్పగలిగేటంత సంపాదించుకున్నానని కొంచెం గర్వం కూడా ఉంది.

ఈ అనుభవం రాసిపెట్టడానికి రెండు కారణాలు. చక్కెర వ్యాధి ఉండి, మాలాగా చెప్పులు విడిచి పొద్దంతా దుకాణంలో కూర్చునేవాళ్ళు ఈ పాతబస్తీలో ఎందరో ఉన్నారు. వాళ్ళలో ఒక్కరైనా ఇది చదివి తమ అరికాలు తిప్పి చూసుకుంటే నా శ్రమ ఫలించినట్టే. రెండో కారణం, ఈ జబ్బు పుణ్యమా అని నాకు ఒక మనిషి తెలిసింది. తన గురించి తాను చెప్పుకునే మనిషి కాదు. నేను రాయకపోతే ఎవరూ రాయరు.

ఎండలు ముదిరినప్పుడు

రంజాన్ గిరాకీ అయిపోయి దుకాణం కాస్త తెరిపిన పడిన రోజులవి. మా దుకాణంలో పరుపు పరిచి దాని మీద తెల్ల దుప్పటి వేస్తాం. దాన్ని గద్దె అంటాం. గద్దె అంటే లక్ష్మి కూర్చునే చోటు. అందుకే మా తాతల నాటి నుంచి చెప్పులు గడప దగ్గరే ఆగిపోతాయి. గాజుల దుకాణంలో ఎంత ఊడ్చినా పెంకులు మిగులుతాయి. ఆ పెంకుల మధ్యే వట్టికాళ్ళతో తిరిగి పెరిగాం. గుచ్చుకుంటే చురుక్కుమంటుంది, తీసి పారేస్తాం, అంతే.

ఒక ఉదయం దుప్పటి మీద ఎర్రటి మరకలు కనిపించాయి. నేను యూసుఫ్ భాయ్ మీద విరుచుకుపడ్డాను. నా పెళ్ళికి ముందు నుంచి మా దుకాణంలో ఉన్న మనిషి ఆయన. నోట్లో పాన్ లేనిదే మాట పెగలదు.

"ఏంది యూసుఫ్ భాయ్, లక్ష్మి కూసునే జాగల పాన్ ఊస్తరా?"

"తోబా తోబా! ఇన్నేండ్ల సంది తింటున్న, ఎన్నడన్న దుప్పటి మీద ఊసిన్నా సేఠ్? గిది పాన్ మరక గాదు. చూడుండ్రి, కాలి ఏళ్ళు గూడ కనబడుతున్నయ్." వంగి చూశాడు. తర్వాత నా కాళ్ళ వంక చూశాడు. పాన్ నమలడం ఆపేశాడు. "సేఠ్, కదలకుండ్రి. జర కాలు ఎత్తుండ్రి."

బొటనవేలి కింద ఆకుపచ్చ గాజు పెంకు దిగబడి ఉంది. ఎన్నాళ్ళ నుంచి ఉందో తెలియదు. దాని చుట్టూ చర్మం నల్లబడింది. నొప్పి మాత్రం లేదు. అదే నన్ను భయపెట్టింది. చక్కెర ముదిరితే పాదాల్లో స్పర్శ పోతుందని నేను గ్రంథాలయంలో చదివాను. పదిమందికి చెప్పాను కూడా. నా కాలు నేను ఏనాడూ తిప్పి చూసుకోలేదు.

యూసుఫ్ భాయ్ భుజం మీది తువ్వాలు తీసి నా పాదానికి చుట్టాడు. ఆటోలో నా కాలు తన ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. దించమంటే వినలేదు. "ఉండనీయుండ్రి. ఇన్నేండ్లు మీరు నన్ను మోసిన్రు, గిప్పుడు నేను మీ కాలొక్కటి మోస్తే ఏం పోతది?" అన్నాడు.

బోనాల నెల

మలక్‌పేట వైపున ఒక ఆసుపత్రిలో బొటనవేలు తీసేశారు. ఇంటికి వచ్చాక గాయం మూసుకుంది. అంతా అయిపోయిందనుకున్నాం. ఆషాఢం మొదలయ్యేసరికి జ్వరం పట్టుకుంది. మళ్ళీ ఆసుపత్రి.

వేచి ఉండే గదిలో నాలాంటి వాళ్ళే అంతా. ఎవరూ ఎవరి ముఖం చూడరు, అందరూ అందరి కాళ్ళూ చూస్తారు. ఎవరి కట్టు ఎక్కడిదాకా ఉందో చూసి, మనది అంతకంటే కిందే కదా అనుకుంటారు. నేనూ అనుకున్నాను. నా పక్కన గుడిమల్కాపూర్ మార్కెట్లో పూలమ్మే మల్లమ్మ కూర్చుంది. ఆమెకు మోకాలి కింద నుంచి ఒక కాలు లేదు.

"ఏం పటేలా, గట్ల బిగుసుకపోయినవ్? ఏలు వోయిందా?"

"పోయింది."

"గంతేనా! నాకు సగం కాలే వాయె. ఒక్క చెప్పే కొంట అంటె దుకాణపోడు ఇయ్యడు. రెండోది నేనేం జేసుకోను, సంకలో పెట్టుకోనా?"

గది మొత్తం నవ్వింది. నేను నవ్వలేకపోతుంటే తన బుట్టలోంచి ఒక బంతిపువ్వు తీసి నా చేతిలో పెట్టింది. డాక్టరమ్మ పిలిచేదాకా దాని రేకులు లెక్కపెడుతూ కూర్చున్నాను.

డాక్టరమ్మ పేరు సంధ్య. మా అమ్మాయంత వయసు ఉంటుంది, అంటే మాకు అమ్మాయి ఉండి ఉంటే. మానిన చర్మాన్నే మళ్ళీ కోసింది. "పైన త్వరగా మూసుకుపోయిందండీ, లోపల చీము ఉండిపోయింది. ఈసారి పైనుంచి మూసుకోనివ్వం. తెరిచే ఉంచి, రోజూ శుభ్రం చేసి, లోపలి నుంచి మాననివ్వాలి. ఒక్క రోజు కూడా తప్పొద్దు. ఇది కుదరకపోతే మడమ పైదాకా తీయాల్సి ఉంటుంది," అంది.

సుశీల, నా భార్య, కట్టు కట్టడం నేర్చుకుంది. ఇంట్లో మొదటి రోజు కట్టు విప్పి గాయం చూసింది. గోడ పట్టుకుని అలాగే జారి కూర్చుండిపోయింది. మొహాన నీళ్ళు కొట్టి లేపాల్సి వచ్చింది. ఆమెను నేను ఏమీ అనను. ముప్పై ఏళ్ళు నా ముఖం చూసి బతికిన మనిషి, నా కాలి లోపలి ఎముక చూడగలగాలని నియమమేమీ లేదు.

మర్నాడు పొద్దున గడప దగ్గర ఒక గొంతు వినిపించింది.

"సుశీలా, నీళ్ళు మరగబెట్టినవా?"

మా ఇంట్లో పదేళ్ళకు పైగా వినిపించని గొంతు అది. మా అన్న వీరేశం భార్య, అనసూయ వదిన.

ఇక్కడ ఆగి పాత సంగతి చెప్పాలి.

మా అన్న కూతురు పెళ్ళి మలక్‌పేటలో ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. మా అమ్మ అప్పటికే మంచం మీద ఉంది. హుస్సేనీ ఆలంలో అన్న ఇంట్లోనే, మాకు రెండు గల్లీల అవతల. పెళ్ళికి తీసుకురాలేని స్థితి. లగ్నం మధ్యాహ్నానికి. పొద్దున వదిన, పెళ్ళికూతురి తల్లి అయి ఉండి కూడా, అమ్మకు అన్నం పెట్టి వస్తానని హాలు నుంచి ఇంటికి పోయింది. తిరిగి వచ్చాక నేను అడిగాను.

"వదినె, అమ్మ తిన్నదా?"

"తిన్నది. పండుకున్నది."

అమ్మ అప్పటికే పోయింది. వదిన చేతుల్లోనే పోయింది. ఇంట్లో చావు జరిగితే మైల. మైలలో లగ్నం ఆగిపోతుంది. వదిన తలుపు మూసి, హాలుకు వచ్చి, ఎవరికీ, చివరికి మా అన్నకు కూడా చెప్పకుండా కన్యాదానంలో కూర్చుంది. నేను బూరెలు మళ్ళీ అడిగి వేయించుకుని తిన్నాను. బరాత్‌లో మర్ఫా డప్పులు మోగుతుంటే చెమటలు పట్టేలా ఆడాను. సాయంత్రం ఒక బూరె ఆకులో చుట్టుకుని, అమ్మకు చిన్న ముక్క పెడదామని, వాళ్ళ ఇంటికి పోయాను. అప్పగింతలు అయిన వెంటనే వదిన నాకంటే ముందు ఇల్లు చేరింది. గడపలో నిలబడి అప్పుడు చెప్పింది.

ఆ రోజు నుంచి నేను ఆ గడప తొక్కలేదు. రెండేళ్ళ కింద మా అన్న పోతే పాడె మోసాను, వదినతో మాట్లాడలేదు. మర్ఫా వినిపిస్తే వేరే గల్లీలోకి తిరిగిపోయేవాణ్ణి. చుట్టాలు చెప్పేవాళ్ళు, కాలమే అన్నీ మాన్పుతుందని. కాలం పోయింది. చావు బాధ తగ్గింది. ఆ ఒక్క మాట, "తిన్నది, పండుకున్నది," అది మాత్రం అలాగే ఉంది.

ఆ వదినను నాకు చెప్పకుండా సుశీల పిలిచింది. వదిన ఒక స్టీలు డబ్బా, ఉతికి ఉడకబెట్టిన పాత నూలు గుడ్డలు తెచ్చుకుంది. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఆమె నా కాలు తన ఒళ్ళో పెట్టుకుని పని మొదలుపెట్టింది. ఆమె పోయాక నేను సుశీల మీద అరిచాను.

"ఎందుకు పిలిచినవ్ ఆమెను?"

"అత్తమ్మ కాలు పుండయినప్పుడు మాన్పింది ఎవరు? నువ్వా, నేనా? ఆమెనే గదా! గోడ దిక్కు తిరుగుతవ్, తిరుగు. రేపు కాలు పోతే గా గోడ వచ్చి మోస్తదా నిన్ను?"

నేను మళ్ళీ గోడ వైపు తిరిగాను.

శ్రావణం

ఆమె రోజూ వచ్చింది. వాన పడి గల్లీలో మోకాటి లోతు నీళ్ళు నిలిచిన రోజు కూడా చీర ఎత్తిపట్టుకుని, డబ్బా నెత్తిన పెట్టుకుని వచ్చింది. నాతో మాట్లాడేది కాదు. మాట్లాడితే సుశీలతోనే.

"సుశీలా, నీ మొగని కంటె నీ మొగని కాలుకే మర్యాద ఎక్కువున్నది. నేను రాంగనే మంచిగ చాపుతది. మొగమే గోడకు పోతది."

సుశీల పకపకా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది కానీ గోడకే చూపించాను.

గ్రంథాలయం నుంచి రమణమూర్తి గారు వచ్చి చూసి పోయేవారు. ఆయనది కోస్తా, ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. "మీ కుర్చీ ఖాళీగా ఉందండీ, ఎవర్నీ కూర్చోనివ్వట్లేదు," అనేవారు. సభ్యుడు రాకుండా పుస్తకం ఇవ్వకూడదు. ఆయన తన కార్డు మీద తీసి నాకు తెచ్చేవారు. అలా తెచ్చిన తత్త్వం పుస్తకం ఒకదానిలో ఒక వాదం కనిపించింది. మనిషి ఏళ్ళ తరబడి మారుతూ ఉంటాడు, కనుక ఎప్పుడో తప్పు చేసిన మనిషి వేరు, ఇప్పుడున్న మనిషి వేరు అని. నాకు అది చక్కటి దారిలా తోచింది. క్షమించాల్సిన అవసరం లేకుండానే సంగతి ముగించవచ్చు. మర్నాడు కట్టు కడుతుండగా గోడ వైపు నుంచి ఇటు తిరిగాను. అన్నేళ్ళ తర్వాత ఆమెతో నా మొదటి మాటలు ఇవి:

"వదినె, గప్పటి నువ్వు వేరు, గిప్పటి నువ్వు వేరు. పుస్తకంల రాసిన్రు. గిన్నేండ్లు అయినంక ఆ మనిషే ఉండదట."

ఆమె దూది ముంచుతున్న చెయ్యి ఆపింది.

"మంచిగనే రాసిన్రు. కానీ చేసింది నేనే రాజేశం. ఇంకెవరో చేసిన్రంటే మరి నీకు జవాబు ఎవరు చెప్తరు?"

ఆమె దూది పిండి గాయం తుడిచింది. తుడుస్తూనే అంది.

"బిడ్డ పెండ్లి ఆగొద్దని చేసిన. తప్పని తెలిసే చేసిన. మళ్ళ గట్లనే వస్తే చెయ్యనని ఒట్టు వెయ్యలేను. గా పొద్దు నా బిడ్డ మొగం చూసినోళ్ళెవరు వెయ్యలేరు. కానీ తప్పు తప్పే."

"మరి ఇన్నొద్దులల్ల ఒక్కపారి గూడ మాఫ్ చెయ్యమని అడగకపోతివి."

"అప్పుడు అడుగుదమంటే నువ్వు మొగం చూపియ్యలేదు. ఇప్పుడు అడగను. నీ కాలు నా చేతిల ఉన్నది. ఇప్పుడు అడిగితే నువ్వు కాదనలేవు. గట్ల అడిగి తీసుకునుడు ఇన్సాఫ్ కాదు."

కట్టు ముడి వేసి, కొసలు కత్తిరించి, డబ్బా మూసి లేచింది. "సుశీలా, రేపు జర ముందుగాల్నే వస్త, వ్రతం ఉన్నది," అని వెళ్ళిపోయింది.

నేను ఆ రోజంతా పుస్తకం తెరవలేదు. క్షమాపణ అడగడానికి సిగ్గుపడేవాళ్ళను చూశాను. అడిగి పని గడుపుకునేవాళ్ళను చూశాను. ఎదుటివాడు కాదనగలిగే రోజు కోసం ఆగి, ఆ రోజు వచ్చేందుకు తన చేతులతోనే వాడి కాలు మాన్పుతున్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

కార్తీకం

దసరా దాటాక డాక్టరమ్మ గాయం మీద వేలు నొక్కి చూసి, "లోపలి నుంచి మానింది," అంది. ఆ మాట వినగానే సుశీల అక్కడి ఆయాను కావలించుకుంది. మెత్తటి రబ్బరు అడుగు ఉన్న ప్రత్యేకమైన చెప్పులు ఇచ్చారు. ఇంట్లోనైనా, దుకాణంలోనైనా, దేవుడి గది గడప దాకా అయినా, అవి లేకుండా అడుగు వేయొద్దని ఆజ్ఞ. వదిన ఆఖరి కట్టు విప్పి, మచ్చను అరచేతితో ఒకసారి తడిమి, "ఇగ నాకేం పని లేదు," అని పోయింది. మర్నాడు రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు.

కార్తీక మాసంలో ఒక మధ్యాహ్నం, చేతికర్ర పట్టుకుని, నేనొక్కణ్ణే రెండు గల్లీలు నడిచాను. అన్న ఇంటి గడప దగ్గర ఆగిపోయాను. మా ఇళ్ళలో చెప్పులతో లోపలికి పోవడం ఎరగం. విడుద్దామంటే డాక్టరమ్మ ఆజ్ఞ. వదిన పీట మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. నన్ను చూసి లేచింది.

"వదినె, చెప్పులు..."

"ఇప్పకు. గట్లనే రా. అత్తమ్మ ఏమనదు. ఆమె కాలు గూడ గిట్లనే ఉండె."

అమ్మ మంచం ఉండే మూల ఖాళీగా ఉంది. తల వైపున, నేల మీద, పట్టపగలు ఒక దీపం వెలుగుతోంది. కార్తీకం కదా, పూజ అనుకున్నాను. అది పూజ కాదని ఆమె చూపుల్లోనే తెలిసింది. నేను వచ్చిన పని అడిగాను. అన్నేళ్ళుగా నాకు కావలసింది అదొక్కటే. తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. మాట్లాడనని నేనే నోరు కట్టేసుకున్నాను.

"గా పొద్దు అమ్మ నిజంగ తిన్నదా?"

వదిన నా ఎదురుగా నేల మీద కూర్చుంది.

"రెండు ముద్దలు. పెరుగన్నం. మూడోది నోట్లనే ఉండిపోయింది. ఊపిరి ఆడలేదు. నొప్పి పడ్డది రాజేశం. లేదని చెప్పను. నీ పేరు తీసిందని చెప్తే నీకు మంచిగనిపిస్తది. తియ్యలేదు. మీ అన్న పేరు తియ్యలేదు. వాళ్ళమ్మను పిలిచింది. 'అవ్వా, అవ్వా' అన్నది. నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది. తర్వాత వదిలేసింది."

నేను కర్రను రెండు చేతులా పట్టుకున్నాను.

"కండ్లు మూసిన. మొగం తుడిచిన. తల కాడ దీపం పెడుదమని అగ్గిపెట్టె తీసిన. కిటికీలకెల్లి దీపం చూసి ఎవరన్న వస్తరని భయమయింది. పెట్టలేదు. కిటికీలు గూడ మూసి, చీకట్ల ఒక్కదాన్నే పండవెట్టి, తలుపేసి, గొళ్ళెం పెట్టిన. నా పెనిమిటిని కన్నామెకు దీపం లేకుంట చేసిన. గప్పటిసంది రోజు గా యాళ్ళకు పెట్టి, పొద్దూకేదాక ఆరకుంట చూస్తున్న. పెడితే పోతదని కాదు. పెట్టకుంటె ఉండలేక."

ఆమె నాకు నచ్చే మాట ఒక్కటి కూడా చెప్పలేదు. అందుకే ప్రతి మాటా నమ్మాను. ఒకప్పుడు నాతో అబద్ధం చెప్పిన మనిషి ఇప్పుడు చిన్న అబద్ధంతో నన్ను ఓదార్చగలదు, ఓదార్చలేదు. అమ్మ చివరి ఘడియ ఎట్లా గడిచిందో ఎట్టకేలకు నాకు తెలిసింది. చాలాసేపు ఏడ్చాను. ఆమె ఓదార్చకుండా, లేచి పోకుండా, కూర్చుని ఉంది.

తర్వాత అంది. "ఇప్పుడు నీ కాళ్ళ మీద నువ్వు నడిచి వచ్చినవ్. లేచి పోవాల్నంటె పోవచ్చు. గందుకే ఇప్పుడు అడుగుతున్న. నన్ను మాఫ్ చేస్తవా?"

నేను తొందరపడలేదు. ఆమె ప్రశ్నకు అబద్ధపు జవాబు ఇవ్వడం ఆ దీపం ముందు కుదరదు.

"బూరెలు తిన్నది నేను. ఆడింది నేను. నాకు చెప్పిన అబద్ధం నాది. అది మాఫ్ వదినె, మనసుల ఏం లేదు. కానీ అమ్మ చీకట్ల ఉన్నది. గది మాఫ్ చేసే హక్కు నాకు లేదు. అమ్మది అమ్మనే చెయ్యాలె."

ఆమె తల ఊపింది. కళ్ళు తుడుచుకుంది. అప్పుడు, నా చిన్నతనంలో కొత్తకోడలిగా మా ఇంటికి వచ్చిన వదిన ముఖం ఒక్కసారి కనిపించింది.

"నీ వంతు ఇచ్చినవ్ గదా, చాలు. అత్తమ్మ సంగతి ఫికర్ చెయ్యకు. అత్తాకోడండ్ల లొల్లి, మేమే పోయి తెంపుకుంటం. నువ్వు నడుమ రాకు."

ఇద్దరం నవ్వాం. ఆమె చిక్కుడుకాయల గిన్నె నా వైపు జరిపింది. ఇద్దరం ఈనెలు తీశాం.

కాలం తప్పులను మాన్పుతుందా అని ఎవరైనా నన్ను అడిగితే, నా కాలి సంగతే చెబుతాను. వదిలేస్తే పైన మూసుకుంటుంది, లోపల ఉండిపోతుంది. ఎవరో ఒకరు రోజూ విప్పి చూడాలి. చూసే ధైర్యం అందరికీ ఉండదు.

ఇక కృతజ్ఞతలు. దుప్పటి మీద నా అడుగు మొదట చూసిన యూసుఫ్ భాయ్‌కి. నేను ఇప్పుడు చెప్పులతో గద్దె ఎక్కుతుంటే వింతగా చూసే గిరాకీలకు "లక్ష్మమ్మ పర్మిషన్ ఇచ్చింది" అని చెప్పేది కూడా ఆయనే. మానిందనుకున్నది కోయడానికి వెనుకాడని డాక్టర్ సంధ్య గారికి. బంతిపువ్వు ఇచ్చిన మల్లమ్మకు. నా కుర్చీ కాపాడిన రమణమూర్తి గారికి. నా కోపం లెక్కచేయకుండా పిలవాల్సిన మనిషిని పిలిచిన నా సుశీలకు.

అనసూయ వదినకు, మా అమ్మ కాలికీ నా కాలికీ కట్టు కట్టిన చేతులకు. ఆదివారాలు ఆ మధ్యాహ్నపు దీపంలో నూనె పోసే వంతు ఇప్పుడు నాది. చెప్పులతోనే పోతున్నాను.